డబ్బున్నవాడికే కాకుండా... — తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 మందికి, తెలంగాణ శాసనసభలోని 119 మందికి నమస్కారం.

మీలో ఎవరితోనూ నాకు ముఖపరిచయం లేదు. మీరు నింపి ఇచ్చే ఎన్నికల ఖర్చు లెక్కలతో మాత్రం ఉంది. ప్రభుత్వ అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా నన్ను అకౌంటింగ్ టీమ్‌లో వేసేవారు. అభ్యర్థి తన ఖర్చు ఒక రిజిస్టర్‌లో రాసుకుంటాడు, అదే ఖర్చును మేం విడిగా ఇంకో రిజిస్టర్‌లో రాస్తాం. దాన్ని షాడో రిజిస్టర్ అంటారు. సభ వీడియో తెప్పించుకుని, మధ్యలో ఆపి, వరసకు ఎన్ని కుర్చీలు, ఎన్ని వరసలు, ఎన్ని ఫ్లెక్సీలు, స్టేజీ పొడవెంత అని లెక్కగట్టి, కలెక్టరేట్ ఇచ్చిన రేట్ల పట్టిక ప్రకారం టీ నుంచి డ్రోన్ కెమెరా దాకా వెల వేసేవాళ్లం. ప్రచారం ముగిసేలోపు మూడుసార్లు రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. అభ్యర్థి రిజిస్టర్‌లో ఎనిమిది వందల కుర్చీలుంటే మా దాంట్లో రెండు వేలుండేవి. అక్కడ మొదలయ్యేది బేరం.

ఒకసారి అలాంటి తనిఖీ అయ్యాక ఒక అభ్యర్థి తరఫున వచ్చిన పెద్దాయన నా భుజం తట్టి, "సార్, మీరు కుర్చీల కింద వెతుకుతున్నారు. డబ్బు అక్కడ లేదు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది నిజమేనని నాకూ తెలుసు, మీకూ తెలుసు. అయినా ఆ మాట ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. అభ్యర్థుల ప్రచారానికి ప్రభుత్వమే డబ్బు ఇవ్వాలని అడుగుతూ ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

పత్రికల్లో టికెట్ల వార్తలు చదివేటప్పుడు ఒక మాట గమనించే ఉంటారు: "సామాజికంగా, ఆర్థికంగా బలమైన అభ్యర్థి కోసం అన్వేషణ". ఏ పార్టీ అయినా ఇదే మాట. పార్టీ ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్న ఊళ్లో మంచి పేరుందా అని కాదు, "ఖర్చు పెట్టుకోగలడా" అని. పెట్టుకోలేనివాడు ఓడిపోవడం దాకా పోడు, పార్టీ అభ్యర్థిగా గుర్తించి ఇచ్చే బీ-ఫాం దాకానే రాడు. ఇల్లందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద, బస్సులో తిరిగిన సంగతి మనం ఇప్పటికీ కథలా చెప్పుకుంటున్నాం. అలాంటి మనిషి ఈ రోజు కొత్తగా రాజకీయాల్లోకి వస్తే ఏ పెద్ద పార్టీ టికెట్ ఇస్తుందో నిజాయతీగా ఆలోచించండి.

చట్టం రాత మాత్రం చక్కగానే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది. 2022 నుంచి మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ స్థానానికి అది 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. కానీ లెక్క మొదలయ్యేది నామినేషన్ రోజు నుంచి. అంతకుముందు ఏడాది పొడవునా పెట్టిన విందులు, ఇచ్చిన చందాలు, కట్టిన ఫ్లెక్సీలు ఇందులోకి రావు. స్టార్ క్యాంపెయినర్ల హెలికాప్టర్ రాదు. పార్టీ పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని చెప్పింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి ఆ తీర్పును పక్కకు నెట్టేశారు. అంటే తలుపుకు తాళం వేసి, గోడకు కన్నం మనమే పెట్టుకున్నాం.

కన్నంలోంచి ఎంత పోతోందో ఎవరూ సరిగ్గా కొలవలేరు. దొరికినదాన్ని బట్టి ఊహించుకోవచ్చు. 2023లో అయిదు రాష్ట్రాల ఎన్నికల్లో నవంబర్ 20 నాటికి పట్టుబడిన నగదు, మద్యం, బంగారం, సరుకుల విలువ 1,760 కోట్లు దాటిందని ఎన్నికల సంఘం ప్రకటించింది. అందులో ఒక్క తెలంగాణ వాటా 659 కోట్లు. మధ్యప్రదేశ్, రాజస్థాన్ లాంటి పెద్ద రాష్ట్రాల కంటే ఎక్కువ. ఈ విషయంలో మనం దేశానికే పెద్దన్నలం.

ఇక పార్టీలకు వచ్చే డబ్బు. పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక బయటికొచ్చిన జాబితాలో బాండ్లు కొన్నవాళ్లలో దేశంలో రెండో స్థానం హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక నిర్మాణ సంస్థది, 966 కోట్లు. బీఆర్ఎస్‌కు 1,200 కోట్ల పైచిలుకు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి 219 కోట్లు ఈ దారిలో అందాయి. ఇచ్చినవాడు ఏమాశించి ఇచ్చాడో నేను రుజువు చేయలేను. ప్రాజెక్టులు కట్టే కంపెనీ, ప్రాజెక్టులు ఇచ్చే ప్రభుత్వం, ఆ ప్రభుత్వాన్ని నడిపే పార్టీ మధ్య ఇంత డబ్బు గుట్టుగా చేతులు మారితే, ఆడిటర్‌గా ఆ ఫైలు మీద నేనైతే సంతకం పెట్టను.

అందుకే అభ్యర్థుల ప్రచారానికి ప్రభుత్వ ఖజానా నుంచే డబ్బు ఇవ్వాలంటున్నాను. ఈ మాట అనగానే జనం నుంచి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు: "సొమ్మొకడిది సోకొకడిదా?" నా భార్య కూడా అదే అంది. మా పన్నులతో మీ మైకులా అని జనం అడగడంలో తప్పేమీ లేదు. కానీ ప్రజల సొమ్ము ఎన్నికల్లోకి కొత్తగా రావడం లేదు. ఎప్పటినుంచో ఉంది. గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్, ఆకాశవాణిలో ఉచిత ప్రసార సమయం ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. 2003 సవరణతో ఆ పార్టీల అభ్యర్థులకు ఓటర్ల జాబితాలు ఉచితం. ఒకప్పుడు బూత్ బయట టేబుల్ వేసుకుని పార్టీల వాళ్లు రాసిచ్చే ఓటరు చీటీలను ఇప్పుడు బూత్ స్థాయి అధికారులు, అంటే బీఎల్వోలే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. అది కూడా ప్రభుత్వ ఖర్చే, దాన్నెవరూ తప్పుపట్టలేదు.

ఇంకో దారి ఉంది, దాన్ని గురించి తక్కువమంది మాట్లాడతారు. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు పార్టీకిచ్చిన చందా మొత్తం పన్ను వేసే ఆదాయంలోంచి మినహాయింపు. కంపెనీలకూ అంతే. కోటి రూపాయలు చందా ఇచ్చిన సంస్థకు ఖజానా లక్షల్లో పన్ను వదులుకుంటోంది. ఇది ప్రజలు ఇస్తున్న చందా కాదా? కూలికి వెళ్లే మనిషి వంద రూపాయలిస్తే ఆ రాయితీ లేదు, ఎందుకంటే ఆమె ఆదాయపు పన్ను కట్టేంత సంపాదించదు. ప్రజల డబ్బు ఉండాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో అయిపోయింది. అది ఎవరి చేతిలో పడుతోందన్నదే మిగిలింది.

అన్నింటికంటే విచిత్రం మన పంచాయతీల్లో ఉంది. పోటీ లేకుండా ఏకగ్రీవంగా ఎన్నుకున్న ఊళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఎన్నిక జరగకపోతే డబ్బు! రచ్చబండ మీద సర్పంచ్ పదవిని వేలం వేసి, పాడుకున్నవాడు గుడికి ఇంత, బడికి ఇంత అని ఒప్పుకునే ఊళ్ల గురించి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అలాంటి ఏకగ్రీవానికీ పైనుంచి బహుమతి. పోటీని ఆపడానికి ఖజానా తెరిచినవాళ్లు, పోటీ జరగడానికి తెరవలేరా?

ఇది నాకొక్కడికి తట్టిన ఆలోచన కాదు. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ వాహనాల ఇంధనం, మైకుల అద్దె లాంటివి సరుకు రూపంలో ఇమ్మంది. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ ప్రభుత్వ నిధులు న్యాయమేనంది, కానీ గుర్తింపు పొందిన పార్టీలకే, అదీ సరుకుగానే అంది. 1999లో లా కమిషన్ పార్టీలు ఇంకెక్కడా డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టింది. 2015లో అదే లా కమిషన్ పూర్తిస్థాయి నిధులు ఇప్పట్లో సాధ్యం కాదు, పరోక్ష సాయం చాలంది. నివేదికలన్నీ పార్టీని చూసి రాసినవే, మనిషిని చూసి కాదు. నాకు పేచీ అక్కడే. పార్టీలకు ఇస్తే ఉన్నవాళ్లకే ఇంకొంచెం చేరుతుంది, కొత్తవాడు మళ్లీ గేటు బయటే నిలబడతాడు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీన్ని తిరగేసి చేశాయి. మెయిన్ రాష్ట్రంలో 1996లో, అరిజోనాలో 1998లో ప్రజలు ఓటేసి మరీ చట్టం తెచ్చుకున్నారు. అరిజోనాలో శాసనసభకు పోటీచేసేవాడు ముందు తన నియోజకవర్గంలో 200 మంది ఓటర్ల దగ్గర తలా అయిదు డాలర్లు వసూలు చేయాలి. ఆ డబ్బు అతనికి కాదు, నిధికి పోతుంది. తన వెనక 200 మంది ఉన్నారని రుజువు చేసుకోవడం వరకే దాని పని. అది చేశాక ప్రచారానికి ప్రభుత్వ నిధి వస్తుంది. బదులుగా ప్రైవేటు చందాలు మానుకోవాలి, పరిమితి దాటకూడదు, చర్చా వేదికలకు తప్పనిసరిగా రావాలి. నిధి ఎక్కడిది? కోర్టు జరిమానాల మీద వేసే పది శాతం సర్‌చార్జి అందులో ముఖ్యమైనది. 2002లో జానెట్ నపోలిటానో ఈ నిధితోనే పోటీచేసి అరిజోనా గవర్నర్‌గా గెలిచారు. అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి హోదా. కనెక్టికట్ రాష్ట్రంలో గవర్నర్ జాన్ రోలాండ్ 2004లో అవినీతి ఆరోపణలతో రాజీనామా చేశాక, సిగ్గుపడి 2005లో చట్టం చేశారు. అక్కడ నిధికి మూలం ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్ల లాంటి అనాథ ఆస్తి.

అరిజోనాలో నాకు బాగా నచ్చింది గవర్నర్ గెలుపు కాదు. డేవిడ్ బర్నెల్ స్మిత్ అనే శాసనసభ్యుడు ప్రభుత్వ నిధి తీసుకుని, పరిమితి మీద దాదాపు ఆరువేల డాలర్లు ఎక్కువ ఖర్చుపెట్టాడు. 2006లో పదవి ఊడింది. ఆరువేల డాలర్లకు! మన దేశంలోనూ ఇలాంటిది జరక్కపోలేదు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011లో ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హురాలిని చేసింది. డబ్బిచ్చి వార్తలా వేయించుకున్న పెయిడ్ న్యూస్‌కు లెక్కలో చూపని ఖర్చు 21,250 రూపాయలు. రూల్ ఉంది, వాడేవాళ్లుంటే పనిచేస్తుంది. ప్రభుత్వ డబ్బు తీసుకున్నవాడి లెక్కలు అడిగే హక్కు మాలాంటి వాళ్లకు ఇంకా గట్టిగా వస్తుంది. అభ్యర్థి సొంత డబ్బయితే "నా ఇష్టం" అంటాడు, సర్కారు డబ్బయితే అనలేడు.

అక్కడంతా బాగుందని చెప్పను. ప్రత్యర్థి ఎక్కువ ఖర్చుపెడితే ప్రభుత్వ నిధి తీసుకున్న అభ్యర్థికి అదనంగా ఇచ్చే ఏర్పాటును 2011లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. ఆ తర్వాత అరిజోనాలో ఈ దారిలో వచ్చేవాళ్లు తగ్గారు. అక్కడి రాజ్యాంగం ప్రకారం అభ్యర్థి ఖర్చుకు బలవంతపు పరిమితి పెట్టడానికే వీల్లేదు. మనకా ఇబ్బంది లేదు, పరిమితి ఎప్పటినుంచో చట్టంలో ఉంది. అంటే వాళ్లకంటే మన చేతిలో ఒక పేక ఎక్కువే ఉంది.

"నలభై లక్షలు సర్కారు ఇస్తే, ఆ నలభై మీద ఇంకో నలభై కోట్లు నల్లడబ్బు పెడతారు, అంతే కదా" అంటారు. పెడతారు. ఈ నిధితో ఓటుకు నోటు ఆగుతుందని నేను రాస్తే నా సర్వీసంతా దండగే. పంచేవాణ్ని పట్టుకోవడం పోలీసుల పని, ఆదాయపు పన్ను శాఖ పని. ఈ నిధి పని వేరు. పంచనివాడు కూడా ఒక వ్యాను, ఒక మైకు, ఇంటింటికీ ఒక కరపత్రం, బూత్‌లో కూర్చోడానికి మనుషులు ఏర్పాటు చేసుకుని, ఓటర్ల ఎదుట కనపడగలగాలి. ఓటరు పంచేవాడి డబ్బు తీసుకుని కూడా ఇంకొకరికి ఓటేసిన ఎన్నికలు మనం చాలా చూశాం. కానీ వేయడానికి ఆ ఇంకొకరు ఉండాలి కదా. ఇప్పుడు ఇద్దరు పంచేవాళ్ల మధ్యే ఎంచుకోమంటున్నాం.

ఖర్చు లెక్క చెప్తాను, అది నా వృత్తి. ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు, స్థానానికి ముగ్గురు అర్హులయ్యారనుకుని, ఒక్కొక్కరికి పూర్తిగా 40 లక్షలూ ఇచ్చినా 210 కోట్లు. అయిదేళ్లకోసారి. 2024లో ఓటర్లు సుమారు 4.13 కోట్లు. ఓటరుకు ఏడాదికి పది రూపాయలు. తెలంగాణలో 119 స్థానాలకు ఇదే లెక్కన 143 కోట్లలోపే. మూడు లక్షల కోట్లు దాటిన బడ్జెట్లు మీవి. బాండ్ల రూపంలో వచ్చిన మొత్తాలు పైన రాశాను, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అయితే అసెంబ్లీ ఎన్నికలకు మీరొక్కరే చట్టం చేస్తే చిక్కుంది. రాజ్యాంగం 328వ అధికరణం మీకు అధికారం ఇస్తుంది, కానీ పార్లమెంటు చేసిన చట్టానికి లోబడి. ఢిల్లీతో పేచీ పడాలి, ఏళ్లు పడుతుంది. ఇంకో తలుపు తెరిచే ఉంది. పంచాయతీ ఎన్నికలకు 243-కె అధికరణం, మున్సిపాలిటీలకు 243-జడ్ఏ. ఆ ఎన్నికలకు సంబంధించిన అన్ని విషయాల మీదా చట్టం చేసే అధికారం శాసనసభదే. ఎవర్నీ అడగక్కర్లేదు.

మండలం నుంచి జిల్లా పరిషత్‌కు సభ్యుణ్ని ఎన్నుకునే జడ్పీటీసీ ఎన్నికలతో మొదలుపెట్టండి. పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి, మండలం అంతా ఒకే నియోజకవర్గం, చూసి నేర్చుకోవడానికి సరిపోయే సైజు. తెలంగాణలో 2019లో జడ్పీటీసీ అభ్యర్థి ఖర్చు పరిమితి 4 లక్షలు, స్థానాలు 540 దాకా. స్థానానికి ఇద్దరికి ఇచ్చినా 44 కోట్లు మించదు. మండలంలో అయిదు ఊళ్ల నుంచైనా కలిపి 300 మంది ఓటర్లు తలా పది రూపాయలు తమ సంతకంతో మండల ఆఫీసులో కడితే ఆ అభ్యర్థి అర్హుడు. పార్టీ అభ్యర్థి అయినా సరే, ఇండిపెండెంట్ అయినా సరే. ఆ మూడు వందల మంది పదేసి రూపాయలు కూడా అభ్యర్థే కట్టిస్తాడంటారు. కట్టించవచ్చు. అందుకే మనిషి స్వయంగా రావాలి, పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పే వీలుండాలి. అప్పటికీ కొంతమంది మోసం చేస్తారు. గుడ్డికన్నా మెల్ల నయం.

డబ్బు చేతికి ఇవ్వొద్దు. నామినేషన్‌కు ముందు తెరిచే బ్యాంకు ఖాతాలోకి రెండు విడతల్లో వేయండి, నగదు తీసే వీలు లేకుండా. మొదటి విడత ఖర్చు లెక్క మండలం బోర్డు మీద అతికించాకే రెండోది. ఆరోవంతు ఓట్లు రాకపోతే ధరావతు పోతుందన్న రూల్ మీకు తెలిసిందే. ఆ ఆరోవంతు కూడా రానివాడి నుంచి నిధి వెనక్కి రాబట్టాలని కొందరు మిత్రులన్నారు. నేనొప్పుకోను. ఓడిపోతే అప్పుల పాలవుతానన్న భయంతోనే కదా మంచివాళ్లు ముందుకు రానిది. మోసం చేసినవాడి నుంచి రాబట్టండి, ఓడినవాడి నుంచి కాదు. ఓడిపోవడం నేరం కాదు, మీలో చాలామంది కనీసం ఒక్కసారైనా ఓడిన వాళ్లే.

ఒక విషయం మొహమాటం లేకుండా అడుగుతాను. మీరంతా ఇప్పుడున్న పద్ధతిలో గెలిచి వచ్చినవాళ్లు. ఈ పద్ధతి మారితే మీ మీద పోటీచేసేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. అందుకే ఏ సభలోనూ ఈ బిల్లు తేలిగ్గా రాదు. కానీ మీలో చాలామంది ఎన్నికకు పొలాలు అమ్మారని, వడ్డీలకు తెచ్చారని, గెలిచాక మొదటి రెండేళ్లు అప్పు తీర్చుకోవడానికే సరిపోయిందని మీ అనుచరులే టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు. ఆ మాట నిజమైతే, ఈ బిల్లు వల్ల మొదట ఊపిరి తీసుకునేది మీరే.

ముసాయిదా రాయడానికి మనుషులు కావాలంటే, కుర్చీలు లెక్కపెట్టి అలవాటున్న రిటైర్డ్ అకౌంట్స్ వాళ్లం జిల్లాకో పదిమందిమి దొరుకుతాం, టీఏ డీఏలు కూడా అడగం. ప్రైవేటు సభ్యుడి బిల్లుగానైనా ఎవరో ఒకరు సభలో పెట్టండి. ఆ రోజు గ్యాలరీలో కూర్చుని వినాలని ఉంది. పాసుకు ఎమ్మెల్యే సిఫారసు కావాలంటారు, అది మాత్రం మీరే ఇప్పించాలి.

ఇట్లు,
షాడో రిజిస్టర్ రాసిన ఒక రిటైర్డ్ ఉద్యోగి